ఇంటి కంప్యూటర్‌కు ఏ యాంటీవైరస్? కొనే ముందు చేయాల్సినవి, వేశాక చూసుకోవాల్సినవి

ఇంజినీరింగ్ క్లాసులు మొదలై ఇళ్లలోకి కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చే రోజుల్లో ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. మిగతా ఏడాదంతా కూడా ఆగదు: "అన్నా, సిస్టమ్‌ల ఏ యాంటీవైరస్ ఎయ్యాలె?" అడిగేవాళ్లకు కావలసింది ఒక పేరు. పేరు చెప్పడం తేలికే. కానీ ఆ పేరున్న డబ్బా కొని, పాతది తీయకుండా దానిమీదే వేసి, సిస్టమ్ పాకుతోందని మళ్లీ ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. అందుకే పేరుకన్నా ముందు చేయాల్సిన పనులు ఈసారి వరసగా రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. మీది అసలైన విండోస్ 11 అయి, అప్‌డేట్లు సరిగ్గా వస్తూ, నెట్ ఎప్పుడూ ఉండి, క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి ఎవరూ పోని ఇల్లయితే ఏమీ కొనక్కర్లేదు. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ చాలు, సరిగ్గా పెట్టుకుంటే. ఆ "సరిగ్గా" దగ్గరే చాలా ఇళ్లలో తేడా కొడుతోంది. కొనాల్సిన ఇళ్లు కూడా ఉన్నాయి, అవేవో 5వ పనిలో చూద్దాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కంప్యూటర్ అడ్మిన్ అకౌంట్ పాస్‌వర్డ్. సర్వీస్ అబ్బాయి పెట్టిపోయింది గుర్తులేకపోతే ముందు అతన్ని అడిగి తెలుసుకోండి.
- ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, లేదా ముఖ్యమైన ఫైళ్లు పట్టేంత పెన్‌డ్రైవ్.
- ఆగకుండా వచ్చే నెట్, ఒక ఖాళీ పూట. ఆఫీసుకు బయల్దేరే ముందు మొదలుపెట్టే పని కాదిది.
- ఇదివరకు యాంటీవైరస్ కొని ఉంటే దాని కీ, బిల్లు, ఏ మెయిల్ లేదా ఫోన్ నంబరు మీద రిజిస్టర్ చేశారో ఆ వివరం.

ఏ పని మొదలుపెట్టే ముందైనా ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, లెక్కల ఫైళ్లు ఆ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్‌ను తీసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే బ్యాకప్ కిందికి రాదు. ఫైళ్లకు తాళం వేసే ర్యాన్సమ్‌వేర్ వచ్చిందంటే కంప్యూటర్‌తో పాటు దానికి తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా వదలదు.

1. మీ విండోస్ ఏదో, అసలుదో కాదో చూడండి

విండోస్ 10, 11లో సెట్టింగ్స్ > సిస్టమ్ > అబౌట్‌లోకి వెళ్తే ఏ విండోసో ఉంటుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలో, 8.1కు 2023 జనవరిలో ఆగిపోయింది. ఈ రెండింటిలో ఏదైనా ఉంటే యాంటీవైరస్ మీద పెట్టే డబ్బు వృథా. ఆ డబ్బుకు కొంత కలిపి ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) వేయించి, విండోస్ మార్పించుకోండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరినవాళ్లకు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతుందో లేదో మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ చెప్తుంది.

"మంచి యాంటీవైరస్ ఉంది కదా, పాత విండోస్ అయితే ఏం?" అని చాలామంది అడుగుతారు. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. అది వేసుకున్న కంప్యూటర్లలోకి వన్నాక్రై ఆ దారిన రాలేకపోయింది.

తర్వాత సెట్టింగ్స్ > సిస్టమ్ > యాక్టివేషన్ (విండోస్ 10లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ > యాక్టివేషన్) చూడండి. అక్కడ "యాక్టివ్" అని ఉన్నంత మాత్రాన అసలుదని నమ్మకండి. అసెంబుల్డ్ సిస్టమ్ కొన్నప్పుడు, ఫార్మాట్ కొట్టించినప్పుడు విండోస్‌కు విడిగా డబ్బు కట్టిన గుర్తు మీకు లేకపోతే క్రాక్ టూల్‌తో యాక్టివేట్ చేసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ టూళ్లలో చాలావరకు పనిచేయాలంటే యాంటీవైరస్‌ను ఆపాలి, లేదా వాటి ఫోల్డర్‌ను స్కాన్ నుంచి మినహాయించాలి. అలా తెరిచిన దారి తర్వాత ఎవరూ మూయరు. దాన్ని మూసే పని 3వ దాంట్లో ఉంది.

2. ఇప్పటికే ఏం నడుస్తోందో చూసి, అక్కర్లేనిది తీసేయండి

స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరవండి. కింద ఎడమవైపు సెట్టింగ్స్, అందులో మేనేజ్ ప్రొవైడర్స్. యాంటీవైరస్ కింద ఏ పేరుంది, అది ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా అన్నది అక్కడ కనిపిస్తుంది. మామూలుగా కనిపించేవి మూడు రకాలు.

డిఫెండర్ ఒక్కటే ఉండి, ఆన్‌లో ఉంటే నేరుగా 3వ పనికి వెళ్లండి.

ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన మెకాఫీనో నార్టనో ఉండి, ట్రయల్ గడువు అయిపోయి ఉండొచ్చు. ఇది చాలా ఇళ్లలో ఉంటుంది. బయటి యాంటీవైరస్ ఉన్నంతకాలం డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. గడువు తీరాక తిరిగి పని అందుకోవాలి, అందుకుందో లేదో చూస్తేగానీ తెలియదు. అప్పటిదాకా తెర మూలన "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే రెన్యూ చేయండి" అని బెదిరింపులు వస్తూనే ఉంటాయి. భయపడి అక్కడికక్కడే కార్డు నంబరు కొట్టకండి. ఆ ట్రయల్ తీసేస్తే బెదిరింపులూ పోతాయి, డిఫెండరూ తిరిగొస్తుంది.

మూడోది, రెండు మూడు యాంటీవైరస్‌లు ఒకదానిమీద ఒకటి. "ఒకటి వదిలినా ఇంకొకటి పడుతుంది కదా" అనుకుంటారు. అలా జరగదు. ఇవి విండోస్‌లో బాగా లోపలి పొరలో కూర్చుని, తెరిచే ప్రతి ఫైలునూ ఆపి చూస్తాయి. రెండూ ఒకే ఫైలును ఆపి ఒకదాన్నొకటి అనుమానిస్తాయి, సిస్టమ్ కదలదు. ఆ లోపలి పొరలో చిన్న తేడా వస్తే ఏమవుతుందో 2024 జులై 19న అందరం చూశాం. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసుకుని ఆగిపోయాయి. శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు.

తీసేటప్పుడు ఫోల్డర్ డిలీట్ చేయడం పద్ధతి కాదు. సెట్టింగ్స్ > యాప్స్ > ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాని పేరు పట్టుకుని అన్‌ఇన్‌స్టాల్ చేయండి, సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. అయినా మేనేజ్ ప్రొవైడర్స్‌లో పేరు మిగిలితే ఆ కంపెనీవాళ్లే ఇచ్చే రిమూవల్ టూల్ వాడండి. పెద్ద కంపెనీలన్నిటికీ అలాంటిది ఉంది, కంపెనీ సొంత సైటులోంచే దించుకోండి. ఆ టూల్ కోసం గూగుల్‌లో వెతికి, పైన వచ్చిన ప్రకటన మీద నొక్కి, కొత్త వైరస్ తెచ్చుకున్నవాళ్లున్నారు.

3. ముందు ఇల్లు శుభ్రం చేయండి

అంటుకుని ఉన్న సిస్టమ్ మీద కొత్త యాంటీవైరస్ వేస్తే లోపలున్నది దాన్ని సరిగ్గా ఎక్కనివ్వకపోవచ్చు. కాబట్టి ఇవి వరసగా చేయండి.

మొదట మినహాయింపుల జాబితా. విండోస్ సెక్యూరిటీ > వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ > మేనేజ్ సెట్టింగ్స్ > కిందికి వెళ్లి ఎక్స్‌క్లూజన్స్. మామూలు ఇంటి కంప్యూటర్‌లో ఇది ఖాళీగా ఉండాలి. ఇక్కడ సీ డ్రైవ్ మొత్తమో, డౌన్‌లోడ్స్ ఫోల్డరో, ఏదో అర్థంకాని పేరో కనిపిస్తే, వాచ్‌మన్‌ను పెట్టి వెనక గేటు వైపు చూడొద్దని చెప్పినట్టే. అన్నీ తీసేయండి. ఈ ఒక్క పేజీ తెరిచి చూడనివాళ్లు ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసుకున్నా లాభం లేదు. నా లెక్కలో ఈ గైడ్ మొత్తంలో ఎక్కువ ఫలితమిచ్చే రెండు నిమిషాలు ఇవే.

తీశాక ఆఫ్‌లైన్ స్కాన్. అదే పేజీలో స్కాన్ ఆప్షన్స్ > మైక్రోసాఫ్ట్ డిఫెండర్ యాంటీవైరస్ ఆఫ్‌లైన్ స్కాన్. తెరిచినవన్నీ సేవ్ చేసి నొక్కండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే స్కాన్ నడుస్తుంది. దాదాపు పావుగంట పడుతుంది, హార్డ్ డిస్క్ ఉన్న పాత సిస్టమ్‌లో ఇంకాస్త. ఫలితం ప్రొటెక్షన్ హిస్టరీలో ఉంటుంది.

రెండో అభిప్రాయం కావాలంటే, ఎప్పుడూ నడుస్తూ ఉండనవసరం లేని స్కానర్ ఒకటి వాడండి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్, ఈసెట్ ఆన్‌లైన్ స్కానర్, మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రూపం, ఏదైనా సరే. సేఫ్టీ స్కానర్ దించుకున్న 10 రోజులకు పనికిరాకుండా పోతుంది కాబట్టి పోయిన ఏడాది దించింది వాడొద్దు. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఇలాంటి శుభ్రపరిచే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి.

ఇక "తెర మీద వైరస్, వైరస్ అని వస్తోంది" అనే ఫిర్యాదు. అందులో చాలావరకు వైరస్సే కాదు. ఎప్పుడో ఏదో సినిమా సైటులో "అలో" నొక్కి ఉంటారు, ఆ సైటు ఇప్పుడు యాంటీవైరస్ కంపెనీ బొమ్మ పెట్టుకుని నోటిఫికేషన్లు పంపుతోంది. క్రోమ్‌లో సెట్టింగ్స్ > ప్రైవసీ అండ్ సెక్యూరిటీ > సైట్ సెట్టింగ్స్ > నోటిఫికేషన్స్‌కు వెళ్లి, మీకు తెలియని సైట్లన్నీ తీసేయండి. చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది. తెర నిండా ఎర్రగా వచ్చి, సైరన్ మోగిస్తూ, "మైక్రోసాఫ్ట్‌కు ఫోన్ చేయండి" అని నంబరు చూపిస్తే ఆ నంబరుకు చేయకండి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను మూసేయండి. ఫోన్ చేసినవాళ్లతో ముందు ఎనీడెస్క్ (దూరం నుంచే మీ కంప్యూటర్‌ను నడిపే యాప్) వేయిస్తారు, ఆ తర్వాత ఖాతా ఖాళీ చేస్తారు.

4. డిఫెండర్ మీటలన్నీ వేయండి

బయటి యాంటీవైరస్ కొనాలని ముందే నిర్ణయించుకున్నా ఇది చేయండి. రేపు దాని గడువు తీరితే నిలబడేది డిఫెండరే.

- రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్.
- క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్ ఆన్. అనుమానం వచ్చిన ఫైలును నెట్ ద్వారా మైక్రోసాఫ్ట్ సర్వర్లతో సరిచూసుకోవడం ఇది. డిఫెండర్ బలం చాలావరకు ఇందులోనే ఉంది. నెట్ లేనప్పుడు దాని పట్టు తగ్గుతుందని ల్యాబ్ పరీక్షల్లో కూడా కనిపిస్తుంది.
- ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్. ఇది లేకపోతే వచ్చిన వైరస్ మొదట చేసే పని డిఫెండర్‌ను ఆపేయడం.
- యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ > రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్‌లో పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ ఆన్. టూల్‌బార్లు, "పీసీ స్పీడ్ పెంచే" చెత్త ఇక్కడ ఆగుతుంది.

ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఇంకోటుంది. ఇది ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రాములు మీ డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఏమీ మార్చలేవు. మంచిదే, కానీ రెండు చిక్కులు. మన ఇళ్లలో ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో ఉంటాయి, ఆ ఫోల్డర్లను ప్రొటెక్టెడ్ ఫోల్డర్స్‌లో మీరే కలపాలి. రెండోది, తెలుగు డీటీపీ పని చేసేవాళ్ల పాత పేజ్‌మేకర్ లాంటివి సేవ్ చేయబోతే అడ్డుకోవచ్చు. అప్పుడు మొత్తం ఆపేయకుండా, "అలో యాన్ యాప్" ద్వారా ఆ ఒక్క ప్రోగ్రాముకే అనుమతి ఇవ్వండి. ఇంకో సంగతి, ఈ ఏర్పాటు డిఫెండర్ ప్రధాన యాంటీవైరస్‌గా ఉన్నప్పుడే పనిచేస్తుంది.

క్రోమ్ వాడేవాళ్లు దాని సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో సేఫ్ బ్రౌజింగ్‌ను ఎన్‌హాన్స్‌డ్‌కు మార్చుకోండి. డిఫెండర్‌కు తోడుగా మోసపు సైట్లను ఆపే స్మార్ట్‌స్క్రీన్ ఎడ్జ్‌లో దానంతటదే ఉంటుంది, క్రోమ్‌లో ఉండదు.

పిల్లలకు విడిగా స్టాండర్డ్ అకౌంట్ ఒకటి తెరిచి ఇవ్వండి. గేమ్ చీట్ అంటూ దేన్నో దించి వేయబోతే చాలావాటికి అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అప్పుడు మీ దగ్గరికి రావాల్సిందే.

5. కొనాలా వద్దా: ఇక్కడ నిర్ణయించండి

కొంటే ఉపయోగం ఉన్న ఇళ్లు ఇవి.

పెన్‌డ్రైవ్‌లు రోజూ బయటికి పోయి వచ్చే ఇల్లు. జిరాక్స్ షాపు, నెట్ సెంటర్, కాలేజీ ల్యాబ్, అన్నీ తిరిగొచ్చే పెన్‌డ్రైవ్ అది. కంప్యూటర్‌కు నెట్ సరిగ్గా లేకపోతే ఇంకా ముఖ్యం. డిఫెండర్ సగం బలం క్లౌడ్‌లో ఉందని చెప్పుకున్నాం కదా, నెట్ లేని చోట ఆఫ్‌లైన్ గుర్తింపు బాగా ఉన్న బయటి యాంటీవైరస్ మేలు.

షాపు లెక్కలు, టాలీ డేటా ఇంటి కంప్యూటర్‌లోనే ఉన్న ఇల్లు. అదే కంప్యూటర్‌లో బాబు గేమ్స్ ఆడుతుంటే మరీను. కొన్నా కూడా టాలీ బ్యాకప్ బయట ఉండాల్సిందే.

లింకు కనిపిస్తే నొక్కేసే పెద్దవాళ్లున్న ఇల్లు. ఇక్కడ పనికొచ్చేవి రెండు: మోసపు సైట్లను అన్ని బ్రౌజర్లలోనూ ఆపడం, ఏదైనా అయితే ఫోన్ చేస్తే తెలుగులోనో హిందీలోనో పలికే మనిషి ఉండడం. డబ్బు కట్టేది ఎక్కువగా ఈ రెండోదానికే, అందులో తప్పేమీ లేదు. ఆ మాట పలుకుతుందో లేదో కొనే ముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చూడండి.

కొనక్కర్లేనివాళ్లు: "స్లో అయింది, యాంటీవైరస్ వేస్తే స్పీడ్ అవుతుంది" అనుకునేవాళ్లు. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌కు యాంటీవైరస్ బరువే తప్ప మందు కాదు. ఫోన్‌కు వాట్సాప్‌లో చలాన్ పేరుతో వచ్చే ఏపీకే (ఫోన్ యాప్) ఫైళ్లకు భయపడి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనేవాళ్లూ అంతే. అది ఫోన్‌ను కాపాడదు, ఆ ఫైలు ఇన్‌స్టాల్ చేయకపోవడమే దానికి మందు. క్రాక్ విండోస్ మీద అసలు యాంటీవైరస్ కొనేవాళ్లకు చెప్పేదొకటే, ఆ డబ్బు విండోస్ మీద పెట్టండి.

మ్యాక్ వాడేవాళ్లు సిస్టమ్ అప్‌డేట్లు వేసుకుంటూ, అడ్డమైన యాప్‌లకు అనుమతి ఇవ్వకుండా ఉంటే ఇంటి అవసరాలకు అందులో ముందే ఉన్న ఎక్స్‌ప్రొటెక్ట్, గేట్‌కీపర్ సరిపోతాయి.

6. కొనాలనుకుంటే ఏది?

యూట్యూబ్‌లో "టాప్ 10" వీడియోలు చూసి కొనకండి. కింద లింకు ఉంటుంది, దాని మీద కమీషన్ ఉంటుంది. పరీక్షలు చేసే సంస్థలు వేరే ఉన్నాయి. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్. వాటి ఫలితాలు వాటి సైట్లలో ఉచితంగా చూడొచ్చు.

ఏవీ-టెస్ట్ మూడు విషయాలకు మార్కులు వేస్తుంది: రక్షణ, సిస్టమ్ మీద భారం, వాడకంలో ఇబ్బంది. ఒక్కోదానికి 6, మొత్తం 18. డిఫెండర్‌కు కూడా అక్కడ మంచి మార్కులే వస్తుంటాయి. అందుకే మొత్తం చూసి ఆగకండి, మీ ఇంటికి ఏది ముఖ్యమో ఆ గడి చూడండి. పాత సిస్టమ్ అయితే భారం గడి. ఏవీ-కంపారిటివ్స్‌లో అయితే నెట్ లేకుండా ఎంత పట్టిందన్న ఆఫ్‌లైన్ అంకె ఉంటుంది, పెన్‌డ్రైవ్ ఇళ్లవాళ్లు అది చూడండి. రెండు చోట్లా ఫాల్స్ పాజిటివ్ అనే లెక్క ఉంటుంది, అంటే మంచి ఫైలును చెడ్డదని పట్టుకోవడం. ఇది ఎక్కువున్నది కొంటే పిల్లల కోడింగ్ ప్రాజెక్టు ఫైళ్లు మాయమవుతుంటాయి, విసుగొచ్చి యాంటీవైరస్‌నే ఆపేస్తారు.

ఒక్కసారి ఫలితం కాదు, వరసగా నాలుగైదు నివేదికల్లో నిలకడగా ఉన్నది చూసుకోండి. బిట్‌డిఫెండర్, ఈసెట్, కాస్పర్‌స్కీ పేర్లు ఎక్కువగా పైన కనిపిస్తాయి. కాస్పర్‌స్కీ రష్యా కంపెనీ అని అమెరికా 2024లో అక్కడ అమ్మకాలు నిషేధించింది, ఆ సంగతి తెలిసి తీసుకోండి. మన దేశపువి కావాలంటే పుణె క్విక్ హీల్, చెన్నై కె7, ముంబై ఈస్కాన్ ఉన్నాయి. మన షాపుల్లో సులభంగా దొరికేవి, సర్వీస్ దొరికేవి ఇవి. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా నాలుగూ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి. ఒకటి నచ్చక రెండోదానికి మారినా మారేది రంగే అనిపించవచ్చు.

ఉచిత యాంటీవైరస్ గురించి నా మాట సూటిగా: విండోస్ 10, 11 ఉన్నవాళ్లకు డిఫెండర్ తీసి ఇంకో ఉచితది వేసుకోవాల్సిన కారణం కనిపించడం లేదు. ఉచితం నడవాలంటే డబ్బు ఎక్కడినుంచో రావాలి. అవాస్ట్ తన వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. జంప్‌షాట్ 2020లోనే మూతపడింది.

డబ్బా మీద రాసే వీపీఎన్, పీసీ ట్యూనప్, రిజిస్ట్రీ క్లీనర్ లాంటివి లెక్కలోకి తీసుకోకండి. అవి ఎక్కువున్నాయని పెద్ద ప్యాకేజీ కొనడం మన దగ్గర మామూలు పొరపాటు. వాటిలో చాలావాటిని ఒక్కసారి కూడా తెరవరు.

ఒకటి ఎంచుకున్నాక ముందు ట్రయల్ వేయండి, చాలా కంపెనీలు నెల రోజులు ఇస్తాయి. మీ సిస్టమ్‌లో, మీ పనుల మధ్య అది ఎలా నడుస్తుందో ఏ ల్యాబూ చెప్పలేదు.

7. కొనేటప్పుడు

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో కొంటారా, ఆన్‌లైన్‌లోనా అన్నది మీ ఇష్టం. షాపులో అడిగితే ఎంఆర్‌పీ కన్నా తగ్గించి ఇస్తారు, బేరమాడండి. ఎక్కడైనా ఇవి మాత్రం చూసుకోండి.

డబ్బా సీలు, స్క్రాచ్ గీత చెక్కుచెదరకుండా ఉండాలి. ఎన్ని సిస్టమ్‌లకు, ఎన్నేళ్లకు అన్నది చదవండి. "మూడేళ్లు" అని షాపతను చెప్పింది "ముగ్గురు యూజర్లు" అయి ఉండొచ్చు. జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా "కీ మెయిల్ చేస్తాం" అనేవాళ్ల దగ్గర కొంటే అది ఇదివరకే వాడేసిన కీ కావచ్చు.

యాక్టివేట్ చేసేటప్పుడు మీ మెయిల్, మీ ఫోన్ నంబరే ఇవ్వండి. "నేను చేసిస్తా సార్" అని అబ్బాయి తన నంబరుతో చేసేస్తే, రేపు ఫార్మాట్ కొట్టించాక అదే కీ తిరిగి వేయబోతే ఓటీపీ అతనికి పోతుంది. అతను అప్పటికి ఏ షాపులో ఉంటాడో. కీని ఫొటో తీసి మీ మెయిల్‌కే పంపుకోండి.

విదేశీ కంపెనీల సైట్లలో మొదటి ఏడాది ధర తక్కువ చూపించి, రెండో ఏడాది పూర్తి ధర కార్డులోంచి దానంతటదే తీసుకునే ఏర్పాటు ఉంటుంది. కొన్న రోజే వాళ్ల అకౌంట్లోకి వెళ్లి ఆటో రెన్యూవల్ ఆపేయండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు మెసేజ్ పంపాలి, వద్దనుకుంటే అప్పుడు కూడా ఆపొచ్చు. యూపీఐతో కట్టినవాళ్లు యాప్‌లో ఆటోపే జాబితా చూడండి.

8. వేశాక పనిచేస్తోందో లేదో పరీక్షించండి

పచ్చ టిక్కు కనిపించగానే పనైపోయిందనుకుంటారు. ఇవి చూడండి.

ఐకార్ టెస్ట్ ఫైల్ అని ఒకటుంది. 68 అక్షరాల చిన్న ఫైలు, ఎవరికీ ఏ హానీ చేయదు. యాంటీవైరస్ కంపెనీలన్నీ దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని ఒప్పుకున్నాయి. ఐకార్ సంస్థ సైటులోంచి దించబోతే బ్రౌజరే ఆపొచ్చు, లేదా ఫైలు దిగిన క్షణంలో యాంటీవైరస్ పట్టుకుని హెచ్చరించాలి. ఫైలు హాయిగా డౌన్‌లోడ్స్‌లో కూర్చుని, తెరిచినా ఏమీ అనకపోతే రియల్ టైమ్ ప్రొటెక్షన్ నిద్రపోతున్నట్టే. 4వ పని మళ్లీ చూడండి. ఇది పట్టుకుంటే యాంటీవైరస్ మెలకువగా ఉందని మాత్రమే అర్థం, గొప్పదని కాదు.

మేనేజ్ ప్రొవైడర్స్‌లో ఒక్క యాంటీవైరసే ఆన్‌లో ఉండాలి. చివరి అప్‌డేట్ తేదీ నిన్నటిదో ఇవాళ్టిదో ఉండాలి. వారం పాతదైతే నెట్ ఉన్నా అప్‌డేట్ రావడం లేదన్నమాట. ముందు కంప్యూటర్ తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా చూడండి, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత సిస్టమ్‌లలో ఈ గొడవ ఎక్కువ.

ఇక వాడుక. మొదటి పూర్తి స్కాన్ నడిచేటప్పుడు స్లో అవడం సహజం. ఒకట్రెండు రోజులు దాటినా ఫైలు తెరవడానికే నసుగుతుంటే ఆ యాంటీవైరస్ మీ సిస్టమ్‌కు సరిపడలేదు. ట్రయల్‌లోనే తెలిస్తే డబ్బు మిగిలినట్టు.

ఒక ఫైలును యాంటీవైరస్ పట్టుకుని, మీకు మాత్రం అది మంచిదే అనిపిస్తే వెంటనే "అలో" నొక్కకండి. క్వారంటైన్‌లోనే, అంటే యాంటీవైరస్ దాన్ని బంధించి పెట్టిన చోటే, ఉండనివ్వండి. ఆ ఫైలు దించుకున్న లింకును వైరస్‌టోటల్ సైటులో పెడితే పదుల కొద్దీ యాంటీవైరస్‌లు ఏమంటున్నాయో ఒకేచోట కనిపిస్తుంది. ఒకటో రెండో మాత్రమే అభ్యంతరం చెప్తే పొరపాటు పట్టివేత అయ్యుండొచ్చు. సగానికి పైగా ఎర్రగా ఉంటే వాదించకండి. ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటి సొంత కాగితాలు మాత్రం అక్కడ అప్‌లోడ్ చేయొద్దు, అందులో పెట్టిన ఫైళ్లను భద్రతా సంస్థలు చూడగలవు.

పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తే వాటిమీద నొక్కొద్దు, ఫార్మాట్ కూడా చేయొద్దు. అసలు ఫైళ్లు చాలాసార్లు అందులోనే దాగి ఉంటాయి. ముందు పెన్‌డ్రైవ్ స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఐటమ్స్ చూపించమని పెట్టి, "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" టిక్కు తీయండి. అసలువి మసకగా కనిపిస్తాయి. వాటిని వేరేచోటికి కాపీ చేసుకున్నాక ఫార్మాట్ కొట్టి, తీసిన టిక్కు తిరిగి పెట్టేయండి.

ఇప్పటికే దెబ్బ తగిలి ఉంటే

వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్‌లోంచి కాకుండా ఫోన్‌లోంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే స్కాన్‌లు తర్వాత, ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర హోం శాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. తెర మీద వచ్చినవన్నీ ఫొటో తీసుకోండి.

ఫైళ్ల పేర్ల చివర తెలియని అక్షరాలు చేరి, డబ్బు అడిగే నోట్ కనిపిస్తే అది ర్యాన్సమ్‌వేర్. ఇంటి కంప్యూటర్లలోకి ఇది తరచూ క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తుంది. డబ్బు కట్టినా తాళంచెవి ఇస్తారన్న హామీ లేదు. 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, భద్రతా కంపెనీలు కలిసి మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్ సైటులో ఆ నోటును, ఒకట్రెండు పాడైన ఫైళ్లను పెడితే అది ఏ రకమో, విప్పే టూల్ ఉందో లేదో చెప్తుంది. ఇప్పుడు లేకపోయినా పాడైన ఫైళ్లను పారేయకండి, కొన్ని రకాలకు తర్వాత టూల్స్ వచ్చాయి. వేరే డిస్క్‌లో దాచండి.

చివరికి ఫార్మాటే గతి అయితే మైక్రోసాఫ్ట్ సైటులోంచి మీడియా క్రియేషన్ టూల్‌తో కొత్త పెన్‌డ్రైవ్ తయారు చేయించి దాంతోనే కొట్టించండి, అబ్బాయి జేబులోని పాత పెన్‌డ్రైవ్‌తో వద్దు. విండోస్ లేచాక ముందు అప్‌డేట్లు, తర్వాత యాంటీవైరస్, ఆ తర్వాతే బ్యాకప్ డిస్క్ తగిలించి స్కాన్ చేయండి. ఫొటోలు, కాగితాలు మాత్రం వెనక్కి తెచ్చుకుని, పాత సెటప్ ఫైళ్లను ఆ డిస్క్‌లోంచి తీసేయండి.